సీ సిమ్యులేషన్ డేటాని గ్నూప్లాట్‌లో గీయడం ఎలా: హేలీ తోకచుక్కతో మొదటి నుంచి చివరిదాకా

సీలో సిమ్యులేషన్ రాయడం చాలామందికి వచ్చు, లూప్ పెట్టి ఫార్ములా వేసి ప్రింట్‌ఎఫ్ కొడితే టెర్మినల్ నిండా నంబర్లు జలజలా పారిపోతాయి, కానీ పని అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే డెబ్బై ఆరు వేల లైన్ల నంబర్లు కళ్లతో చదివి ఎవరూ ఏమీ తేల్చలేరు. గ్రాఫ్ గీస్తేనే మీ ప్రోగ్రాం కరెక్టా కాదా తెలుస్తుంది. అందుకే ఈ గైడ్‌లో గ్రాఫ్ అందంగా రావడం గురించి తక్కువ, గ్రాఫ్‌తో సిమ్యులేషన్‌ని పరీక్ష పెట్టడం గురించి ఎక్కువ ఉంటుంది.

మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ మీద నేర్చుకున్నవాళ్లకి గ్రాఫ్ అనగానే గ్రాఫిక్స్ డాట్ హెచ్, ఇనిట్‌గ్రాఫ్, పుట్‌పిక్సెల్ గుర్తొస్తాయి. ఆ దారి వద్దు. యాక్సిస్ మీరే గీయాలి, స్కేల్ మీరే లెక్కేయాలి, వై విలువ పెరిగేకొద్దీ కిందికి వెళ్తుంది కాబట్టి బొమ్మ తలకిందులు, పైగా 640 బై 480 స్క్రీన్‌లో అన్నీ సర్దాలి, ఇంత చేసినా రేపు జూమ్ చేసి చూడాలంటే మళ్లీ కోడ్ మార్చాల్సిందే. సీ ప్రోగ్రాం నంబర్లు మాత్రమే ఫైల్లో రాయాలి, గీయడం వేరే ప్రోగ్రాం చూసుకోవాలి. ఆ వేరే ప్రోగ్రాం గ్నూప్లాట్. ఉబుంటులో అయితే «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్నూప్లాట్» కొడితే వచ్చేస్తుంది, విండోస్‌కి ఇన్‌స్టాలర్ ఉంది, ఫ్రీ.

ఒక మాట, కమాండ్లు అన్నీ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, మీరు టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో కొట్టుకోండి.

ఏం గీస్తున్నాం?

హేలీ తోకచుక్క. ఎందుకంటే దీని నంబర్లు అందరికీ తెలిసినవే, జవాబు సరిపోయిందో లేదో చూసుకోవచ్చు, పైగా దీని కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తం కాబట్టి మీ కోడ్‌లో ఎక్కడ తేడా ఉన్నా ఇది పట్టిచ్చేస్తుంది. గుండ్రంగా తిరిగే భూమిని పెట్టుకుంటే సగం తప్పులు దాక్కుంటాయి.

యూనిట్లు ముందే సరిగ్గా ఎంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. మీటర్లు, కిలోలు, సెకన్లు వద్దు, 10 పవర్ 30 లాంటి నంబర్లు యాక్సిస్ మీద చూడ్డానికే చిరాకు. దూరం ఆస్ట్రనామికల్ యూనిట్లలో అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒకటి, టైమ్ సంవత్సరాల్లో. అప్పుడు సూర్యుడి జీఎం విలువ (గురుత్వ స్థిరాంకం ఇంటూ సూర్యుడి ద్రవ్యరాశి) 4 పై స్క్వేర్ అవుతుంది, అంటే 39.478. ఇది గుర్తుంచుకోండి చాలు.

హేలీకి సెమీ మేజర్ యాక్సిస్, అంటే కక్ష్య పొడవులో సగం, దాదాపు 17.83, ఎక్సెంట్రిసిటీ, అంటే కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే అంకె, 0.967. దీన్నుంచి దూరపు కొన 35.07, దగ్గర కొన 0.588. దూరపు కొన దగ్గర వేగం ఏడాదికి 0.1927 యూనిట్లు, అంటే సెకనుకి ఒక కిలోమీటర్ కూడా లేదు, అదే సూర్యుడి పక్క నుంచి పోయేటప్పుడు 11.49, అంటే సెకనుకి 54 కిలోమీటర్ల పైనే. అరవై రెట్ల తేడా. మొత్తం కథ అంతా ఈ తేడాలోనే ఉంది, తర్వాత చూస్తారు.

సిమ్యులేషన్‌ని దూరపు కొన నుంచి మొదలుపెట్టండి. తోకచుక్క 2023 డిసెంబర్‌లో నిజంగానే అక్కడికి చేరి వెనక్కి తిరిగింది కాబట్టి మన టైమ్ సున్నా అంటే 2023.94 అనుకోవచ్చు. ఎక్స్ 35.07, వై సున్నా, వీఎక్స్ సున్నా, వీవై 0.1927. అన్నీ డబుల్‌లోనే, ఫ్లోట్ వద్దు.

లూప్ ఎలా రాయాలి

లోపల జరిగేది సింపుల్. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్‌కి స్క్వేర్‌రూట్ తీసి ఆర్ కనుక్కోండి, యాక్సిలరేషన్ ఎక్స్ అంటే మైనస్ జీఎం ఇంటూ ఎక్స్ బై ఆర్ క్యూబ్, వైకి కూడా అంతే. డీటీ, అంటే ఒక్కో స్టెప్పుకి ముందుకు జరిగే టైమ్, 0.001 పెట్టుకోండి, అది దాదాపు 8 గంటల 46 నిమిషాలు, 76 ఏళ్లకి 76,000 స్టెప్పులు, ఏ లాప్‌టాప్‌లో అయినా రెప్పపాటులో అయిపోతుంది.

రెండు పద్ధతులూ రాసుకోండి, పక్కపక్కన గీద్దాం. ఒకటి మామూలు ఆయిలర్: పాత వేగంతో స్థానాన్ని జరపడం, పాత యాక్సిలరేషన్‌తో వేగాన్ని మార్చడం. రెండోది వెలాసిటీ వర్లే: ముందు వేగానికి సగం డీటీ తోపు, తర్వాత స్థానం పూర్తి డీటీ జరపడం, కొత్త చోట యాక్సిలరేషన్ మళ్లీ లెక్కేసి, వేగానికి మిగతా సగం తోపు. కోడ్‌లో రెండు లైన్లే ఎక్కువ.

ఇక్కడ సీ వాళ్లు పడే గోతి ఒకటుంది. సగం కదా అని 1/2 అని రాస్తే సీకి అది ఇంటీజర్ డివిజన్, జవాబు సున్నా. కంపైలర్ నోరు మెదపదు, ప్రోగ్రాం హాయిగా రన్ అవుతుంది, తోకచుక్క మాత్రం సూర్యుడు ఉన్నాడనే తెలియనట్టు నిలువుగా సరళరేఖలో పోతుంది. గ్రాఫ్‌లో నిలువు గీత కనిపించిందంటే వెంటనే దీన్నే చూడండి, 0.5 అని మార్చండి.

టైమ్‌ని కూడా టీ ప్లస్ ఈక్వల్స్ డీటీ అని కూడుకుంటూ పోకుండా, ఐ ఇంటూ డీటీ అని లెక్కేయండి. వేల సార్లు కూడితే చిన్న చిన్న రౌండింగ్ తేడాలు పోగవుతాయి, గుణిస్తే పోగవ్వవు.

ఇంకోటి, ప్రతి స్టెప్పులో ఎనర్జీ కూడా లెక్కపెట్టండి: సగం వీ స్క్వేర్ మైనస్ జీఎం బై ఆర్. మొదటి స్టెప్పుకి ముందు వచ్చిన విలువని ఈ0 అని దాచుకోండి, అది దాదాపు మైనస్ 1.107 రావాలి. తర్వాత ప్రతిసారీ ఈ మైనస్ ఈ0 ఎంతో చూసి, దాన్ని ఈ0తో భాగించి, మైనస్ గుర్తు పోవడానికి ఎఫ్ఏబీఎస్ తీసుకోండి. ఎఫ్ఏబీఎస్, వట్టి ఏబీఎస్ కాదు. సీలో ఏబీఎస్ ఇంటీజర్లకి, దానికి 0.004 ఇస్తే దశాంశం కత్తిరించేసి సున్నా చేతిలో పెడుతుంది, మీరేమో తప్పు అస్సలు లేదు, నా సిమ్యులేషన్ పర్ఫెక్ట్ అనుకుంటారు. హైఫన్ డబ్ల్యూ ఆల్, హైఫన్ డబ్ల్యూ ఎక్స్‌ట్రా రెండూ పెట్టి కంపైల్ చేస్తే వార్నింగులు వస్తాయి, అవి చదవండి. చివర్లో మ్యాథ్ లైబ్రరీ కోసం హైఫన్ ఎల్ఎం మర్చిపోకండి, లేకపోతే స్క్వేర్‌రూట్ దొరకలేదని లింకర్ ఆగిపోతుంది.

ఫైల్లో రాయడం, అసలు జాగ్రత్త ఇక్కడే

గ్నూప్లాట్‌కి కావాల్సింది చాలా సాదా ఫైల్. ఒక లైన్‌కి ఒక క్షణం, నంబర్ల మధ్య ఖాళీ, అంతే. కామాలు, బ్రాకెట్లు, «ఎక్స్ ఈక్వల్స్» లాంటి అలంకారాలు ఏవీ వద్దు. మనకి ఆరు కాలమ్స్: 1 టైమ్, 2 ఎక్స్, 3 వై, 4 వీఎక్స్, 5 వీవై, 6 ఎనర్జీ తేడా. ఫైల్ పేరు హేలీ.టీఎక్స్‌టీ అనుకుందాం.

మొదటి లైన్ హ్యాష్ గుర్తుతో మొదలుపెట్టి అందులో డీటీ ఎంత, పద్ధతి ఏది, ఏ కాలమ్‌లో ఏముంది రాసేయండి. హ్యాష్‌తో మొదలైన లైన్‌ని గ్నూప్లాట్ పట్టించుకోదు, కానీ వారం తర్వాత ఫోల్డర్‌లో పది ఫైళ్లు కనిపిస్తే ఏది ఏ డీటీతో చేసిందో మీకు ఆ ఒక్క లైనే చెబుతుంది.

ఇప్పుడు ఫార్మాట్. అందరూ అలవాటుగా పర్సెంట్ ఎఫ్ లేదా పర్సెంట్ ఎల్ఎఫ్ పెడతారు. అది పాయింట్ తర్వాత ఆరు అంకెలే ఇస్తుంది. స్థానానికి ఆరు అంకెలు బాగానే సరిపోతాయి అనిపిస్తుంది కానీ ఎనర్జీ తేడా 0.0000003 ఉందనుకోండి, ఫైల్లో 0.000000 అని పడుతుంది. 0.0000012 ఉంటే 0.000001 అవుతుంది. గ్రాఫ్ గీస్తే సున్నితంగా వంగాల్సిన గీత మెట్లు మెట్లుగా వస్తుంది, లాగ్ స్కేల్‌లో అయితే సున్నాలున్న చోటల్లా గీత మాయమైపోతుంది. ఫిజిక్స్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు, తప్పేమో ప్రింటింగ్‌లో ఉంటుంది. అందుకని పర్సెంట్ డాట్ 15 జీ వాడండి. పెద్దదైనా చిన్నదైనా పదిహేను ముఖ్యమైన అంకెలు వస్తాయి, అవసరమైతే తనే ఈ మైనస్ 07 రూపంలో రాస్తుంది, గ్నూప్లాట్ దాన్ని సుబ్బరంగా చదువుకుంటుంది. ఫైల్ నుంచి మళ్లీ చదివి సిమ్యులేషన్‌ని అక్కడి నుంచి కొనసాగించే ఆలోచన ఉంటే 17 అంకెలు పెట్టండి, డబుల్ విలువ చుక్క తేడా లేకుండా తిరిగొస్తుంది.

ఫైల్‌ని ఎఫ్‌ఓపెన్‌తో తెరవచ్చు, లేదా మామూలుగా ప్రింట్‌ఎఫ్ చేసి రన్ చేసేటప్పుడు గ్రేటర్ దాన్ గుర్తుతో ఫైల్లోకి మళ్లించచ్చు. నాకు రెండోదే ఇష్టం, ప్రోగ్రాంలో ఫైల్ పేరు ఉండదు కాబట్టి ఒకే ప్రోగ్రాంని ఎన్ని రకాలుగా అయినా రన్ చేసుకోవచ్చు. కానీ అలా చేస్తే «50 శాతం అయ్యింది» లాంటి మాటలు కూడా అదే ఫైల్లోకి పోయి నంబర్ల మధ్యలో కూర్చుంటాయి, కాబట్టి అలాంటివన్నీ ఎస్‌టీడీఎర్ర్‌కి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చేయండి, అవి స్క్రీన్ మీదే ఉంటాయి. ఎఫ్‌ఓపెన్ వాడితే చివర్లో ఎఫ్‌క్లోజ్ ఉండాలి, మధ్యలో ప్రోగ్రాం క్రాష్ అయితే బఫర్‌లో మిగిలిన ఆఖరి లైన్లు ఫైల్‌కి చేరవు, ఒక్కోసారి చివరి లైన్ సగంలో తెగిపోయి ఉంటుంది.

ఖాళీ లైన్ల విషయం కూడా తెలిసుండాలి. ఒక ఖాళీ లైన్ వస్తే గ్నూప్లాట్ గీతని అక్కడ తెంచి మళ్లీ మొదలుపెడుతుంది. వరసగా రెండు ఖాళీ లైన్లు వస్తే అది వేరే డేటాసెట్ అనుకుంటుంది, ఇండెక్స్ 0, ఇండెక్స్ 1 అని విడివిడిగా పిలుచుకోవచ్చు. కావాలని వాడితే ఇది చాలా ఉపయోగం, ఆయిలర్‌దీ వర్లేదీ ఒకే ఫైల్లో పెట్టచ్చు. తెలియకుండా ఒక బ్యాక్‌స్లాష్ ఎన్ ఎక్కువ పడితే మాత్రం గీతలు రాకుండా పోయి, ఎందుకో అర్థం కాదు.

మొదటి గ్రాఫ్

గ్నూప్లాట్ తెరిచి ఇది కొట్టండి:

ప్లాట్ "హేలీ.టీఎక్స్‌టీ" యూజింగ్ 2:3 విత్ లైన్స్

యూజింగ్ 2:3 అంటే రెండో కాలమ్ అడ్డంగా, మూడోది నిలువుగా. కక్ష్య వచ్చేస్తుంది. కానీ దాన్ని నమ్మకండి, ఎందుకంటే విండో సైజుకి తగ్గట్టు బొమ్మని సాగదీసేసింది. హేలీ కక్ష్య పొడవు దాదాపు 35.7 యూనిట్లు, వెడల్పు 9 చిల్లర మాత్రమే, అంటే సన్నగా పొడుగ్గా ఉండాలి, మీ విండోలో మాత్రం బొద్దుగా కనిపిస్తుంది. దీనికి మందు:

సెట్ సైజ్ రేషియో -1

మైనస్ ఒకటి పెడితే రెండు యాక్సిస్‌ల మీదా ఒక యూనిట్ ఒకే పొడవు ఉంటుంది. మళ్లీ రీప్లాట్ కొట్టండి. స్థానాలు గీసే ఏ గ్రాఫ్‌కైనా ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం, లేకపోతే వృత్తం కూడా గుడ్డులా కనిపిస్తుంది, మీరేమో కోడ్‌ని అనుమానిస్తారు. సూర్యుడిని కూడా పెట్టుకోండి, అదే ప్లాట్ కమాండ్ చివర కామా పెట్టి, సింగిల్ కోట్స్‌లో ప్లస్ గుర్తు, యూజింగ్ (0):(0), విత్ పాయింట్స్ పీటీ 7. సూర్యుడు మధ్యలో ఉండడు, ఎడమ కొనకి అతుక్కున్నట్టు ఉంటాడు. అలా ఉంటేనే కరెక్ట్.

ఇప్పుడు ఒక చిన్న పని చేయండి, విత్ లైన్స్ తీసేసి విత్ డాట్స్ పెట్టి, ఎవ్రీ 200 కలపండి. ఎవ్రీ 200 అంటే ప్రతి రెండొందల లైన్లకి ఒకటే తీసుకో అని, అంటే 0.2 ఏడాదికి ఒక చుక్క. చుక్కలు మరీ సన్నగా ఉంటే విత్ పాయింట్స్ పీటీ 7 పీఎస్ 0.4 పెట్టుకోండి. బొమ్మ చూడండి, కుడి వైపు కొనలో చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి మందపాటి గీతలా అయిపోయాయి, ఎడమకి వచ్చేకొద్దీ విడిపోయి విడిపోయి సూర్యుడి దగ్గర ఒకటీ అరా మిగిలాయి. సమాన కాలానికి సమాన వైశాల్యం అని ఇంటర్‌లో చదువుకున్న కెప్లర్ రెండో నియమం ఇదే, ఎక్కడా మనం కోడ్‌లో రాయలేదు, దానంతటదే వచ్చింది. గీత గీసినప్పుడు ఇది కనపడలేదు గమనించారా, గీత చుక్కల మధ్య ఖాళీలని కప్పేస్తుంది. అందుకే కొత్త డేటా వచ్చినప్పుడు ఒక్కసారైనా చుక్కలతో గీసి చూడాలి.

ఎనర్జీ గ్రాఫ్, నిజమైన పరీక్ష

కక్ష్య బాగుందని సంబరపడే ముందు ఇది గీయండి:

సెట్ లాగ్‌స్కేల్ వై
సెట్ సైజ్ నోరేషియో
ప్లాట్ "హేలీ.టీఎక్స్‌టీ" యూజింగ్ (2023.94+$1):6 విత్ లైన్స్

బ్రాకెట్ పెడితే లోపల లెక్క చేసుకోవచ్చు, డాలర్ 1 అంటే మొదటి కాలమ్ విలువ. ఇలా చేస్తే అడ్డంగా అసలు సంవత్సరాలే కనిపిస్తాయి. మొదటి లైన్‌లో తేడా సున్నా ఉంటుంది కాబట్టి లాగ్ స్కేల్‌లో ఆ ఒక్క పాయింట్ గీయబడదు, పర్లేదు.

వర్లేతో గీసింది ఎలా ఉంటుందంటే, ఏళ్ల తరబడి తేడా అడుగునే ఉండి, 2061 దగ్గరకి వచ్చేసరికి ఒక్కసారిగా ముల్లులా లేచి, సూర్యుడిని దాటగానే మళ్లీ కిందికి దిగిపోతుంది. లేవడం తప్పు కాదు, అక్కడ తోకచుక్క వేగం అరవై రెట్లు పెరిగింది, డీటీ మాత్రం అదే, కాబట్టి లెక్క కాస్త మొరటుగా అవుతుంది. ముఖ్యమైనది ఏంటంటే అది దిగుతుంది. ముల్లు ఉన్న చోటు కూడా చూసుకోండి, సగం పీరియడ్ 37.6 ఏళ్లు కాబట్టి 2061.58 దగ్గర రావాలి, అంటే జూలై చివర. ఖగోళ శాస్త్రజ్ఞులు చెప్పే తేదీ 2061 జూలై 28. జూపిటర్‌ని, మిగతా గ్రహాలని మనం కలపలేదు కాబట్టి ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం కూడా ఉంది, కానీ నెలలు తేడా వస్తే మాత్రం మీ మొదటి విలువలు ఎక్కడో తప్పినట్టే.

అదే ఆయిలర్‌తో చేసిన ఫైల్ గీయండి. 2061 దాకా మర్యాదగా వస్తుంది, సూర్యుడి దగ్గర ఎనర్జీ తేడా గోడ ఎక్కినట్టు నిలువుగా లేస్తుంది, ఇక దిగదు. డీటీ 0.001తో ఆ ఒక్కసారి దాటేటప్పుడే ఆయిలర్ కలిపే ఎనర్జీ 1.5 దాకా ఉంటుంది, తోకచుక్క దగ్గర ఉన్నదేమో మైనస్ 1.107. అంటే మొత్తం పాజిటివ్ అయిపోయింది, ఇక దాన్ని సూర్యుడు పట్టి ఉంచలేడు. కక్ష్య గ్రాఫ్‌కి వెళ్లి చూస్తే తోకచుక్క వచ్చిన దారిన తిరిగి పోకుండా 35 దాటి ఇంకా దూరం పోతూనే ఉంటుంది. చుట్టూ తిరిగొచ్చే హేలీని మీ ప్రోగ్రాం సౌరమండలం బయటికి విసిరేసిందన్నమాట. డీటీ పదో వంతు చేస్తే విసిరేయదు, కానీ ప్రతిసారీ కొంచెం కొంచెం ఎనర్జీ ఎక్కుతూనే ఉంటుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటే. కక్ష్య ఒక్కటే గీసి చూపిస్తే 2061 ముందు దాకా రెండు పద్ధతులూ కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి, ఎవరికీ తేడా తెలియదు. ఎనర్జీ గ్రాఫ్ లేకుండా ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో కక్ష్య బొమ్మ పెట్టకండి.

ఇంకో పరీక్ష, డీటీ సగం చేసి వర్లేని మళ్లీ రన్ చేసి, రెండు ఫైళ్లూ ఒకే గ్రాఫ్‌లో గీయండి. ముల్లు ఎత్తు నాలుగో వంతు అవ్వాలి, ఎందుకంటే వర్లే తప్పు డీటీ స్క్వేర్‌తో తగ్గుతుంది. సగమే తగ్గిందంటే పేరుకే వర్లే, లోపల ఎక్కడో పాత యాక్సిలరేషనే వాడేస్తున్నారు, కొత్త చోట మళ్లీ లెక్కేయడం మర్చిపోయారు. కోడ్ చదివితే దొరకని తప్పు ఈ గ్రాఫ్‌లో ఇట్టే దొరుకుతుంది.

డేటా మరీ ఎక్కువైతే

డీటీ 0.0001 చేస్తే 7,60,000 లైన్లు, ఆరు కాలమ్స్‌తో ఫైల్ సుమారు వంద ఎంబీ దాకా పోతుంది. స్క్రీన్ వెడల్పే పన్నెండొందల పిక్సెల్స్ అయినప్పుడు అన్ని పాయింట్లు ఎందుకు? వందకి ఒకటి రాద్దాం అనుకుంటారు, అందరూ చేసేదే, ఐ మాడ్యులో 100 సున్నా అయితేనే ప్రింట్ చెయ్ అని. కానీ హేలీకి ఇంకొంచెం ఆలోచించాలి. సూర్యుడి దగ్గర మలుపు మొత్తం కొన్ని వారాల్లో అయిపోతుంది, 38 ఏళ్లు ఎదురుచూసింది ఆ కొన్ని వారాల కోసమే. రాసే గ్యాప్ మరీ పెద్దదైతే, 0.1 ఏడాది అనుకోండి, మలుపులో ఒకటి రెండు పాయింట్లే పడతాయి, ఎనర్జీ ముల్లు కొన మధ్యలో ఎక్కడో రాయకుండానే పోతుంది, గ్రాఫ్‌లో ముల్లు పొట్టిగా కనిపించి మీ లెక్క నిజంగా ఉన్నదానికంటే మంచిదని అబద్ధం చెబుతుంది.

దీనికి ఒక ఇఫ్ చాలు. ఆర్ విలువ 2 కంటే తక్కువైతే ప్రతి స్టెప్పూ రాయండి, లేకపోతే వందకి ఒకటి. ఫైల్ పదుల రెట్లు చిన్నదవుతుంది, మలుపు మాత్రం పూర్తిగా ఉంటుంది. కాకపోతే అప్పుడు చుక్కలు సమాన కాలానికి ఉండవు కాబట్టి కెప్లర్ చుక్కల బొమ్మకి ఆ ఫైల్ పనికిరాదు, దానికి సమానంగా రాసిన ఫైల్ వేరేగా చేసుకోండి.

బొమ్మని సేవ్ చేయడం

స్క్రీన్‌షాట్ తీయకండి. ఈ కమాండ్లన్నీ ఒక ఫైల్లో, కక్ష్య.జీపీ లాంటి పేరుతో రాసి పెట్టుకుని, పైన ఈ రెండు లైన్లు కలపండి:

సెట్ టెర్మినల్ పీఎన్‌జీకైరో సైజ్ 1200,800 ఫాంట్ "నోటో సాన్స్ తెలుగు,14"
సెట్ అవుట్‌పుట్ "ఎనర్జీ.పీఎన్‌జీ"

ప్లాట్ తర్వాత చివర్లో అన్‌సెట్ అవుట్‌పుట్ పెట్టండి, ముఖ్యంగా గ్నూప్లాట్ లోపలే కూర్చుని కొడుతుంటే, అది పెట్టేదాకా ఫైల్ పూర్తిగా రాయబడదు, తెరిస్తే ఖాళీగానో సగంగానో ఉంటుంది. తర్వాత టెర్మినల్‌లో గ్నూప్లాట్ అని కొట్టి పక్కన స్క్రిప్ట్ పేరు ఇస్తే బొమ్మ తయారు. డీటీ మార్చారా, మళ్లీ రన్ చేసి అదే స్క్రిప్ట్ కొట్టండి, చేత్తో ఏమీ మార్చక్కర్లేదు.

ఫాంట్ పేరు ఎందుకు పెట్టానంటే, ఎక్స్‌లేబుల్, వైలేబుల్, టైటిల్ అన్నీ తెలుగులో రాసుకోవచ్చు. సెట్ ఎక్స్‌లేబుల్ "సంవత్సరం", సెట్ వైలేబుల్ "ఎనర్జీ తేడా" అని నేరుగా పెట్టేయండి. పీఎన్‌జీకైరో, పీడీఎఫ్‌కైరో రెండూ లోపల అక్షరాలని పేర్చే పాంగో లైబ్రరీని వాడతాయి కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి, ఆ ఫాంట్ మీ సిస్టమ్‌లో ఉంటే చాలు. పాత పీఎన్‌జీ టెర్మినల్ వాడితే మాత్రం తెలుగు చెదిరిపోతుంది. స్కూల్ పిల్లలకో సైన్స్ ఎగ్జిబిషన్‌కో చేస్తున్నవాళ్లకి ఇది చాలా పెద్ద వరం, లేబుల్స్ ఇంగ్లీష్‌లోనే ఉండాలని రూలేం లేదు.

నడుస్తుండగానే చూడాలంటే

తోకచుక్క కదులుతుంటే చూడాలని ఎవరికైనా ఉంటుంది. సీ నుంచే గ్నూప్లాట్‌ని తెరవచ్చు, పీఓపెన్‌కి "గ్నూప్లాట్ -పర్సిస్ట్" అని, రెండోది "డబ్ల్యూ" అని ఇవ్వండి, అది ఇచ్చే ఫైల్ పాయింటర్‌లోకి మీరు ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ చేసిందంతా గ్నూప్లాట్‌లో టైప్ చేసినట్టే. మొదట ఎక్స్‌రేంజ్ -3 నుంచి 37, వైరేంజ్ -6 నుంచి 6 అని ఫిక్స్ చేసేయండి, లేకపోతే ప్రతి ఫ్రేమ్‌కీ యాక్సిస్ మారిపోయి చుక్క కదలకుండా చుట్టూ అంకెలు కదులుతాయి. తర్వాత ప్రతి 100 స్టెప్పులకోసారి: ప్లాట్, సింగిల్ కోట్స్‌లో హైఫన్, విత్ పాయింట్స్ పీటీ 7, కింది లైన్‌లో ఎక్స్, వై, ఆ కింది లైన్‌లో ఒక్క ఈ అక్షరం. ఆ ఈ అంటే డేటా అయిపోయిందని. వెంటనే ఎఫ్‌ఫ్లష్ చేయాలి, చేయకపోతే అన్నీ బఫర్‌లో ఆగి ఆగి ఒకేసారి వచ్చి పడతాయి. మధ్యలో యూస్లీప్‌తో 20 మిల్లీసెకన్లు ఆపండి, అయిపోయాక పీక్లోజ్. విండోస్‌లో విజువల్ స్టూడియో అయితే పీఓపెన్ ముందు అండర్‌స్కోర్ ఉంటుంది.

చూస్తే చాలాసేపు చుక్క నత్తలా పాకుతుంది, దగ్గరకొచ్చాక రివ్వున తిరిగి వెళ్లిపోతుంది. క్లాసులో చూపించడానికి ఇంతకంటే మంచిది లేదు, కానీ తప్పులు వెతకడానికి మాత్రం ఇది పనికిరాదు, దానికి ఫైలూ ఎనర్జీ గ్రాఫే.

పైథాన్ అలవాటున్నవాళ్లు

ఫైల్ సాదాగా ఉంచిన లాభం ఇక్కడ కనిపిస్తుంది. నంపైలో లోడ్‌టెక్స్ట్‌కి ఫైల్ పేరు, అన్‌ప్యాక్ ఈక్వల్స్ ట్రూ ఇస్తే ఆరు కాలమ్స్ ఆరు అర్రేలుగా వచ్చేస్తాయి, హ్యాష్ లైన్‌ని అది కూడా తనంతట తనే వదిలేస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ప్లాట్, సెట్ యాస్పెక్ట్ "ఈక్వల్", సెమీలాగ్‌వై, అయిపోయింది. సీ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. తెలుగు లేబుల్స్ కావాలంటే మాత్రం చాలా వెర్షన్లలో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఒత్తులని విడగొట్టి పడేస్తుంది, ఆ పనికి గ్నూప్లాటే నయం.

జూపిటర్‌ని కలపాలని ఉంటే కలపండి, ద్రవ్యరాశి సూర్యుడిలో 1047వ వంతు, దూరం 5.2 యూనిట్లు. దాని ఎక్స్, వై కూడా ఫైల్లో రాయాల్సి వస్తుంది, వాటిని 7, 8 కాలమ్స్‌గా చివర పెట్టండి, మధ్యలో దూర్చకండి, అప్పుడు మీరు రాసుకున్న పాత స్క్రిప్టుల్లో 2:3 అలాగే పని చేస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, జూపిటర్ వచ్చాక తోకచుక్క ఒక్కదాని ఎనర్జీ నిజంగానే మారుతుంది, కాబట్టి ఆరో కాలమ్‌లో మూడింటి మొత్తం ఎనర్జీ లెక్కేసి రాయాలి, సూర్యుడిని కూడా కదలనివ్వాలి, లేకపోతే కరెక్ట్‌గా ఉన్న కోడ్‌ని చూసి తప్పనుకుంటారు.